సూదికి ముందు మాట

గోదావరిఖనిలో ఏ వీథిలో నిలిచి యడిగినను, పండ్రెండేండ్ల బాలుడు సైతము మొదటి షిఫ్టు ఎప్పుడు దిగునో, రాత్రి షిఫ్టు ఎప్పుడు పైకి వచ్చునో చెప్పగలడు. ఏ బాయిలో కప్పు కూలినను, ఏ ఓపెన్‌కాస్టులో డంపరు దొర్లినను గడియలో ఊరంతయు నెరుగును. బొగ్గుదుమ్ము ఊపిరితిత్తులను ఏమి చేయునో తెలియని ఇల్లు ఇచ్చట లేదు. అపాయమును గూర్చి ఇంత యెరుక గల ఊళ్లు తెలుగునాట మరి యెన్ని కలవో మాకు తెలియదు. అట్టి ఊరిలో గత మాసమున ఒక పఠన మందిరమున ప్రసంగించుచు, అచ్చట కూర్చున్న యువతీయువకులను మేమొక ప్రశ్న యడిగితిమి: హ్యూమన్ పాపిలోమా వైరస్ అననేమి? చేతులెత్తినవారు ముగ్గురు. ఆ ముగ్గురును నర్సింగు చదువుచున్న బాలికలు. తక్కినవారిలో కొందరు సిగ్గుచే తలలు వంచుకొనిరి. కొందరు నవ్విరి. ఒక యువకుడు అది కంప్యూటరునకు పట్టు జబ్బా యని ప్రక్కవానిని చెవిలో నడిగెను. ఆ బాలుని మేము నిందింపము. అతనికి చెప్పినవారెవరు?

సభ ముగిసిన పిదప అందరును పోయినను ఒక బాలిక మెట్లవద్ద నిలిచి యుండెను. ఆమెను మేమెరుగుదుము. ఆమె తండ్రి బాయి కార్మికుడు. కుటుంబపు కాగితముల పనిమీద మా యింటికి పలుమార్లు వచ్చినవాడు. ఆమె తల్లి రెండేండ్ల క్రిందట గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరుతో మరణించినది. ఆ యిల్లాలు రక్తస్రావమును ఏడాదికి పైగా కొంగున దాచుకొన్నది. భర్తకు చెప్పలేదు, ఆడబిడ్డకు చెప్పలేదు; వయసు మళ్లుచున్నది గనుక ఇట్లే యుండునని సరిపెట్టుకొన్నది. నడుము నొప్పి పడలేక వైద్యుని చూచునప్పటికి రోగము మూడవ దశ దాటినది. హైదరాబాదునకు తిరిగిరి, కరెంటు పెట్టించిరి, అప్పు చేసిరి. ఫలము లేకపోయెను. ఆ తల్లికి పుట్టిన బిడ్డ, పందొమ్మిదేండ్ల పిల్ల, మమ్ము చూచి మెల్లగా నడిగినది: "వకీలు సారూ, గా సూది నేను ఏసుకోవచ్చునా? నా ఈడు దాటిపోయిందా?"

ఇరువది యేండ్లుగా న్యాయస్థానములలో అడిగిన ప్రశ్నకు తడుముకొనక జవాబు చెప్పువారమని గర్వించు మేము ఆ పిల్లకు వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. ఆ సిగ్గే ఈ వ్యాసమునకు కారణము.

మొదట రోగమేదో చెప్పుదము. పైన చెప్పిన వైరసులో రెండువందలకు పైగా రకములు కలవు. వానిలో పెక్కులు పులిపిరులకు మించిన హాని చేయవు. పదునాలుగు రకములవరకు మాత్రము క్యాన్సరు తెచ్చునవి. వానిలోను 16వ రకము, 18వ రకము పరమ క్రూరములు. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరులలో నూటికి డెబ్బదింటికి ఈ రెండే మూలము. ఈ సంబంధమును కనుగొన్న జర్మను శాస్త్రజ్ఞుడు హరాల్డ్ జూర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమాన మిచ్చిరి. ఈ వైరసు దాంపత్య సంపర్కముచే, దేహసాన్నిహిత్యముచే ఒకరినుండి యొకరికి సోకును. సంపర్కమెరిగిన స్త్రీపురుషులలో అత్యధికులకు జీవితమున నెప్పుడో యొకప్పుడు ఇది సోకియే తీరును. సోకినట్లు తెలియదు, జ్వరము రాదు, నొప్పి యుండదు. నూటికి తొంబదిమందిలో ఒకటి రెండేండ్లలో దేహమే దానిని వెడలగొట్టును. మిగిలిన కొలదిమందిలో అది తిష్ఠ వేసికొని, పది పదునైదేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువకాలము, చప్పుడు లేక కణములను చెరచి, తుదకు క్యాన్సరై బయటపడును. అనగా ఇరువదవ యేట తెలియక సోకినది నలుబదవ యేట ప్రాణము తీయును. చెప్పవలసిన మాట నలుబదవ యేటి తల్లికి మాత్రమే కాదు, ఇరువదవ యేటి బిడ్డకును చెప్పవలెనని మా వాదము.

అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థవారి అంచనా ప్రకారము 2022లో భారతదేశమున ఈ రోగము క్రొత్తగా సోకినవారు 1,27,526 మంది. మరణించినవారు 79,906 మంది. గంటకు తొమ్మండుగురు. ఒక బాయిలో తొమ్మండుగురు చనిపోయినచో రాజధానినుండి మంత్రులు పరుగెత్తి వత్తురు, విచారణ సంఘములు కూర్చుండును, పత్రికలన్నియు నల్లగీతలతో వెలువడును. ఈ తొమ్మండుగురు వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు మంచములపై, చాటున చచ్చుచున్నారు గనుక వారికి సైరను లేదు.

ఇక మన ప్రాంతపు కథ. ఇది మన తలుపు తట్టిన కథయే గాని దూరపు ముచ్చట కాదు. 2009 జూలై మాసమున నాటి ఖమ్మము జిల్లాలో మూడు మండలములను ఎన్నుకొని, 10 మొదలు 14 ఏండ్ల లోపు బాలికలు సుమారు 14,000 మందికి ఈ టీకా వేయ నారంభించిరి. ఆ మండలములు భద్రాచలము, తిరుమలాయపాలెము, కొత్తగూడెము. కొత్తగూడెమనగా సింగరేణి సంస్థకు ప్రధాన కార్యస్థానము. పథకము నడిపినది పాత్ అను అమెరికా సంస్థ. ధనమిచ్చినది గేట్స్ దంపతుల ధర్మనిధి. తోడు నిలిచినది భారత వైద్య పరిశోధనా మండలి, నాటి రాష్ట్ర ప్రభుత్వము. టీకా మెర్క్ కంపెనీవారి గార్డసిల్. కంపెనీ దానిని ఉచితముగా నిచ్చెను. గుజరాతులోని వడోదరలో మరియొక కంపెనీ టీకాతో ఇట్టిదే మరియొక పథకము నడిచెను.

ఆ బాలికలలో ఎందరో కోయపల్లెల పిల్లలు. ప్రభుత్వ వసతిగృహములలో తలదాచుకొని చదువుకొనువారు. వారి తల్లిదండ్రులు ఆమడల దూరమున పోడు కొట్టుకొని బ్రతుకువారు. వారికి ఏమి చెప్పిరి? 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘము సమర్పించిన 72వ నివేదికలో దీనికి జవాబున్నది. మన రాష్ట్రమున పరిశీలించిన 9,543 అంగీకార పత్రములలో 1,948 వ్రేలిముద్రలు. 2,763 పత్రములపై సంతకము చేసినవారు వసతిగృహముల వార్డెనులు! వార్డెను బిడ్డకు అన్నము పెట్టు ఉద్యోగియే గాని కన్నతండ్రి యెట్లగును? వైద్యము చేయుటకు ముందు రోగికి దాని గుణదోషములు, ప్రత్యామ్నాయములు తెలియజెప్పి తీరవలెనని మన సుప్రీముకోర్టు సమీరా కోహ్లీ వ్యాజ్యములో 2008 జనవరిలోనే తీర్పు చెప్పియున్నది. ఆ తీర్పు సిరా ఆరి ఏడాదిన్నర కాకమునుపే భద్రాచలపు మన్యములో దానిని గాలికి వదలిరి. ఢిల్లీ దొరసాని బిడ్డకు సూది వేయవలసి వచ్చినచో వార్డెను సంతకము చాలునా యని మేమడుగుచున్నాము. కోయపిల్లకు మాత్రమేల చాలెను?

మహిళా సంఘములవారు 2010 మార్చిలో భద్రాచలము వచ్చి విచారించి ఈ సంగతిని లోకమునకు వెల్లడించిరి. ఏప్రిలులో కేంద్రప్రభుత్వము పథకమును నిలిపివేసెను. రెండు రాష్ట్రములలోను కలిపి టీకా వేయించుకొన్న బాలికలలో ఏడుగురు మరణించిరని తేలెను. దేశమంతట అలజడి చెలరేగెను.

ఇచ్చట మా తప్పును ఒప్పుకొనవలసియున్నది. ఆ దినములలో మేమును వేదికలెక్కితిమి. ముప్పదేండ్ల వయసు, ఉద్యమపు వేడి, చేతిలో మైకు. మన్యపు బిడ్డలను ప్రయోగశాల ఎలుకలను చేసిరని గర్జించితిమి. అది నాడును నిజము, నేడును నిజము. అంతటితో నాలుక ఆగలేదు. ఈ సూదియే వారిని చంపినదనియు చెప్పితిమి. చప్పట్లు మ్రోగినవి. విచారణ సంఘము ఆ మరణములను ఒక్కొక్కటిగా పరిశీలించెను: ఒక బిడ్డ క్వారీ నీటిలో మునిగినది, ఒకతెను పాము కరచినది, ఇరువురు పురుగుమందు త్రాగిరి, ఒకతె మలేరియాతో పోయినది; మిగిలిన ఇరువురి మరణకారణము అంత నిశ్చయముగా తేలకపోయినను టీకాకు సంబంధించినదని చూపు ఆధారము దొరకలేదు. దుష్ఫలితములను కనిపెట్టు ఏర్పాటు చాలనిదని, సమ్మతి తీసికొన్న విధానము లోపభూయిష్ఠమని ఆ విచారణలోనే తేలినది. అనగా మా అభియోగములలో ఒకటి రుజువైనది, రెండవది వీగిపోయినది. సాక్ష్యము వినక తీర్పు చెప్పు న్యాయాధిపతిని బార్ రూములో తిట్టిపోయు మేము, ఆనాడు చేసినది సరిగా ఆ పనియే. వీగిన అభియోగమును మేము ఏ వేదికపైనను ఉపసంహరించుకొనలేదు. మావంటివారు చాలమంది కలరు. వారిలో కొందరు నేటికిని అదే పాట పాడుచున్నారు.

తరువాత నేమి జరిగినది? ఎలుకలున్నవని ఇల్లు తగులబెట్టుకొన్నట్లు, సమ్మతి తీసికొనుటలో దోషమున్నందుకు టీకానే అటక యెక్కించిరి. చేయవలసినది దోషమును దిద్దుట. మనకన్న బీదదేశమని మనము తలచు భూటాను 2010లోనే తన బాలికలందరికి ఈ టీకా వేయనారంభించెను. మారణహోమమునుండి లేచిన రువాండా 2011లో. ఆస్ట్రేలియా 2007లో మొదలిడి, 2013నుండి బాలురకును వేయుచున్నది. పదునేడేండ్లకు ముందు టీకా వేయించుకొన్న స్త్రీలలో ఈ క్యాన్సరు నూటికి 88 పాళ్లు తగ్గినదని స్వీడను పరిశోధకులు 2020లో ప్రకటించిరి. స్కాట్లాండులో పండ్రెండు పదమూడేండ్ల వయసున పూర్తిగా టీకా పొందిన బాలికలలో పెద్దయైన పిదప ఒక్కరికైనను ఈ క్యాన్సరు కానరాలేదని 2024లో వెల్లడియైనది. ఇచ్చట ఢిల్లీ, పంజాబు 2016లోను, చిన్న సిక్కిము 2018లోను ముందడుగు వేసినవి. తక్కిన దేశము చూచుచుండెను. జాతీయ సలహా సంఘము సార్వజనిక టీకా కార్యక్రమమునకు దీనిని సిఫారసు చేసినది 2022లో. పూణెలోని సీరం ఇన్‌స్టిట్యూటువారి స్వదేశపు టీకా సెర్వావాక్ వెలువడినది 2023 జనవరిలో. 9 మొదలు 14 ఏండ్ల బాలికలకు టీకాను ప్రోత్సహింతుమని ఆర్థికమంత్రి పార్లమెంటులో పలికినది 2024 ఫిబ్రవరిలో. నడుమ గడచిన కాలమును బిడ్డల వయసులతో లెక్కించుడు. 2010లో పదేండ్ల పిల్ల 2024 నాటికి ఇరువదినాలుగేండ్ల గృహిణి.

విధి చేసిన వింత యొకటి చెప్పక తప్పదు. అదే కాలమున దేశములోని పలుచోట్ల జరుగుచున్న మరియొక అంతర్జాతీయ పరిశోధనయు 2010 ఏప్రిలులోనే నిలిచిపోయినది. రెండో మూడో మోతాదులు పొందవలసిన బాలికలు వేలమంది ఒక్క మోతాదుతోనే మిగిలిపోయిరి. వారిని పదేండ్లు కనిపెట్టి చూడగా, ఒక్క మోతాదే 16, 18 రకముల దీర్ఘకాలపు సోకుడును నూటికి 95 పాళ్లవరకు అడ్డగించినట్లు 2021లో తేలినది. ఈ సాక్ష్యమును తక్కినవానితో చేర్చి చూచి, 20 ఏండ్ల లోపు వారికి ఒక్క మోతాదైనను చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబరులో ప్రకటించెను. మన ఆగిన సూది లోకమునకు చౌకమార్గము చూపినది. మన బిడ్డలు మాత్రము వేచియుండిరి.

జపానువారును ఇట్లే భయపడిరి. 2013 జూనులో ప్రభుత్వము తన ప్రోత్సాహమును మానుకొనగా నూటికి డెబ్బదిగా నున్న టీకాల లెక్క ఒకటికి దిగజారినది. ఆధారములన్నియు తిరుగవేసి 2022లో మరల మొదలిడిరి. భయమునకు జాతిభేదము లేదు.

ఇప్పుడు మన పట్టణపు పెద్దల ఆక్షేపణలకు వత్తము. కంపెనీల లాభాపేక్షను గూర్చిన ఆక్షేపణ న్యాయమైనది. పార్లమెంటు సంఘమే దానిని ఎత్తిచూపినది. అందుకు మందు స్వదేశపు టీకా, ప్రభుత్వపు కొనుగోలు, బహిరంగమైన లెక్కలు. కంపెనీ లాభపడునని చెప్పి మన ఆడబిడ్డ చచ్చుట ఏ దేశాభిమానము?

రెండవ ఆక్షేపణను పెద్దమనుష్యులు గొంతు తగ్గించి పలుకుదురు: "మనవి కుటుంబస్త్రీల ఇండ్లు. ఈ జబ్బులు మనకేల? ఈ సూది వేయించిన పిల్లలు చెడరా?" ఈ మాట విన్నప్పుడెల్ల మా రక్తము మరుగును. పైన చెప్పిన ఇల్లాలు పదునారవ యేట పెండ్లియై భర్తను తప్ప నెరుగని మనిషి. వైరసు వ్రతభంగమును వెదకికొని రాదు. ఒక్క పెండ్లి, ఒక్క భర్త యున్నను చాలును. ఆ భర్త ఎచ్చటినుండి తెచ్చినను, ఎన్నడు తెచ్చినను, రోగము మోయునది భార్య. పురుషునకును గొంతు క్యాన్సరు మొదలైనవి దీనివలన కలవు గాని, భారములో అధికభాగము స్త్రీదే. తెచ్చినవాడు సచ్చీలుడై తిరుగుచుండగా మోసిన దానికి కళంకము కట్టుట మన యింటి న్యాయము! ధనుర్వాతపు సూది వేయించినంత మాత్రమున పిల్లవాడు తుప్పుమేకులపై నడువ మొదలిడునా?

మూడవవారు ఆక్షేపింపరు, మౌనము వహింతురు. వీరు చదువుకొన్నవారు, లోకజ్ఞానము గలవారు, తమ బిడ్డలను హైదరాబాదు తీసికొనిపోయి చాటున వేయించుకొని వచ్చువారు. స్వదేశపు టీకా ధరయే రెండువేలని వెలువడినప్పుడు ప్రకటించిరి. వీరికది బరువు కాదు. ప్రక్క క్వార్టరువానికి మాత్రము ఒక మాట చెప్పరు. కాంట్రాక్టు కార్మికుని భార్యకు అసలే చెప్పరు. ఆక్షేపించు వానితో వాదింపవచ్చును. వీరితో నేమి చేయుదుము?

టీకాయే సర్వస్వమనియు మేము చెప్పుట లేదు. అదివరకే సోకిన వైరసును అది తీసివేయలేదు. కొన్ని రకములు దాని కందవు. కావున పరీక్ష తప్పదు. ముప్పది మొదలు అరువదియైదేండ్ల స్త్రీలకు అయిదేండ్ల కొకసారి ఈ పరీక్ష చేయవలెనని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే విధించినది. అది ఎంత పని? పలుచని ఎసిటిక్ ఆమ్లమును, అనగా వినెగరు వంటి ద్రవమును, దూదితో అద్ది చూచుట. చెడిన చోటు తెల్లబారును. అప్పుడే పట్టుకొన్నచో అచ్చటనే కాల్చివేయవచ్చును, కడుపు కోయనక్కరలేదు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ముప్పది నలుబదితొమ్మిదేండ్ల నడుమ ఈ పరీక్ష ఎన్నడైన చేయించుకొన్న స్త్రీలు దేశమున నూటికి 1.9 మంది. నూటికి ఇద్దరైనను లేరు.

అయిదేండ్ల కొకసారి యన్న మాట బొగ్గుబాయి ఊరివారికి క్రొత్తది కాదు. 1955నాటి గనుల నిబంధనల ప్రకారము ప్రతి గనికార్మికుని అయిదేండ్లకు మించకుండ వైద్యపరీక్షకు పంపవలెను. రొమ్ము ఎక్స్‌రే తీయవలెను. కార్మికుడు ఇష్టము లేదన్నను వీలు లేదు. మైనింగు సర్దారు షిఫ్టు మొదలిడకమునుపు కర్రతో కప్పును తట్టి చప్పుడు వినును. బోలుగా మ్రోగినచో క్రింద మనిషిని నిలువనీయడు. ఇవన్నియు దయతో వచ్చిన హక్కులు కావు. చావులు లెక్కించి, సమ్మెలు చేసి సంపాదించినవి. మగవాని రొమ్మునకు అయిదేండ్ల కొకసారి చట్టమున్నది. అతనికి క్యారేజీ కట్టి పంపు ఇల్లాలి గర్భమునకు అదే అయిదేండ్ల మాట ఒక మార్గదర్శక పత్రములో పడియున్నది. కార్మికసంఘముల నాయకులను మేము సూటిగా అడుగుచున్నాము: ఎన్నికలు వచ్చినప్పుడెల్ల మీరు ముద్రించు కోర్కెల పట్టికలో బోనసున్నది, ఇంటిజాగా యున్నది, వారసుని ఉద్యోగమున్నది, ఈ పరీక్ష ఏ సంఖ్య క్రింద నున్నది?

సింగరేణి సంస్థ దేశమున ఏర్పడిన పాత కంపెనీలలో ఒకటి. దానికి ఆసుపత్రులున్నవి, సేవాసమితులున్నవి, ప్రతి షిఫ్టున వేలమందిని ఒకచోట నిలిపి మాట చెప్పగల శక్తియున్నది. రామగుండమున 2022నుండి వైద్య కళాశాలయు నున్నది. ఈ నాలుగు కలిసినచో క్వార్టరులలోను, కాంట్రాక్టు బస్తీలలోను ఇంటింటికి పోయి చెప్పుట కష్టము కాదు. పరీక్ష స్త్రీవైద్యురాలిచేతనే, తలుపు మూసిన గదిలో జరుగవలెను. కాంట్రాక్టు కార్మికుని ఇల్లాలికి గుర్తింపుకార్డు అడుగరాదు. టీకా ప్రభుత్వమే ఉచితముగా వేసినను, కొనుక్కొన్నను, సూదికి ముందు తెలుగులో వ్రాసిన కాగితము తల్లిదండ్రుల చేతికి పోవలెను; చదువరాని వానికి చదివి వినిపింపవలెను; ఒక రాత్రి ఆలోచించుకొననీయవలెను; కాదన్నవానిని నొవ్వనాడరాదు. వార్డెనుల సంతకములతో మరల పని ప్రారంభించినచో మేము మరల వేదికలెక్కుదుము. స్థాయీ సంఘపు నివేదికలను న్యాయస్థానములో చూపవచ్చునా యను వివాదమును ఈ టీకా వ్యాజ్యమే, కల్పనా మెహతా పేరిట, రాజ్యాంగ ధర్మాసనము వరకు కొనిపోయినది. చూపవచ్చునని 2018 మే 9న తీర్పు వచ్చినది. కావున ఆ 72వ నివేదిక అటకపై పడియున్న కాగితము కాదని అధికారులు జ్ఞాపకముంచుకొందురు గాక.

ఆ బాలిక ప్రశ్నకు జవాబును మేము ఒక వైద్యురాలిని అడిగి, తెలుగులో వ్రాయించి, వారము తిరుగకమునుపే అందజేసితిమి. ఈడు దాటలేదని, 26 ఏండ్లవరకు మన దేశమున దీనిని సాధారణముగా వేయుదురని, పదునైదేండ్లు దాటినవారికి మూడు మోతాదులని మన లైసెన్సు చెప్పుచుండగా ఇరువదేండ్ల వరకు ఒకటి రెండు చాలునని ప్రపంచ సంస్థ చెప్పుచున్నదని, ఎన్ని యన్నది వైద్యురాలితో తేల్చుకొమ్మని అందులో నున్నది. చేయి నొచ్చును, జ్వరము రావచ్చును, కొందరికి కండ్లు తిరుగును గనుక వేయించుకొన్న తరువాత పావుగంట కూర్చుండవలెను, గర్భిణులు వేయించుకొనరాదు, ముప్పదేండ్లు వచ్చిన పిదప పరీక్ష మానరాదు. ఆ పిల్ల దానిని మెట్లమీదనే నిలిచి రెండుమార్లు చదివినది. ఇంటివద్ద తమ్ముడున్నాడని మరియొక ప్రతి యడిగి తీసికొన్నది. మిగిలిన ప్రతులు పఠన మందిరపు బల్లమీద నున్నవి.